పదకొండో గింజ

టెస్టు మ్యాచ్‌కి ముందురోజు నా తమ్ముడు స్తెఫను అరుగు మీద కాఫీ గింజలు పేర్చి భారత జట్టును ఎంచుతాడు. ఈసారి పది పేర్చి ఆగిపోయాడు. చేతిలో రెండు గింజలు మిగిలాయి. ఒకటి స్పిన్నర్, ఒకటి పేసర్.

"ఒక్కడికే సోటుంది అప్పా. ఎవుడో నువ్వే సెప్పు" అని అక్కనైన నన్ను అడిగాడు.

"నాకేటి తెలుసురా? ప్రార్థన సేసుకుని నువ్వే పెట్టుకో" అన్నాను.

"క్రికెట్టు కూడా దేవుడికే అప్పగించేత్తావేటి?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ముప్ఫై ఏళ్ల కిందట తమ్ముళ్లిద్దరూ జ్వరంతో మూలుగుతుంటే, ముంచింగిపుట్టు ఆసుపత్రికి పోయే జీపు డ్రైవరూ ఆ మాటే అన్నాడు, ఒక్కడికే సోటుందని. స్తెఫను వెళ్లాడు. మూడో రోజున పెద్దతమ్ముడు ఎడ్విన్‌ను చర్చి వెనక పాతిపెట్టాం.

స్తెఫను గింజల వైపే చూస్తున్నాడు. "ఎడ్విన్ అన్నయ్యయితే తనే తప్పుకునీవోడు అప్పా. ఆ రోజు జీపులో నాకు సోటిచ్చినట్టు."

ఆ మాట వాడికి చెప్పింది నేనే.

ఎడ్విన్ జీపు కమ్మీ వదల్లేదు. ఒక్కో వేలూ నేనే విడదీశాను.