ఆదెమ్మ పోలిక

“ఒక్క ఫోటో కూడా లేకుండా బొమ్మ ఎట్లా గీస్తామయ్యా?” అంది జయకుమారి.

“మిరప్పళ్లు కోసుకుని బతికినోళ్లం, ఫోటోలెవరు తీయించారమ్మా?” అన్నాడు జక్రయ్య. “ఆదివారం, పోయిన మా ఇంటిది ఆదెమ్మకి ఆదరణ కూడిక పెట్టుకున్నాం. బొమ్మ ముందు పెట్టుకుని ప్రార్థన చేసుకుందామని. అదీగాక, నెల తిరక్కుండానే దాని ముఖం నాకు చెదిరిపోతా ఉంది తల్లీ. మర్చిపోతానేమోనని భయంగా ఉంది.”

జయకుమారి గురువు వంక చూసింది. ప్రేమదాసు మాస్టారు బొమ్మ గీస్తే పోయినవాళ్లు లేచి కూర్చుంటారని సత్తెనపల్లిలో పేరు. ఆ చెయ్యి ఇప్పుడు పిండికట్టులో ఉంది. ఎనభై అయిదు ఎన్నికలకి గోడల మీద రాతలు రాస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. శిష్యురాలేమో పెన్సిలు పట్టి ఆర్నెల్లు కాలేదు.

ప్రేమదాసు తొణకలేదు. జక్రయ్య వెనక నిలబడ్డ రెబ్కాని చూపించి, “కూతురు ఎదురుగా ఉంటే ఫోటో లేదంటావేం?” అన్నాడు.

“నా ముఖం పనికిరాదండీ,” అంది రెబ్కా గబగబా.

“పనికొస్తుందో లేదో నేను చూసుకుంటాగా!”

పక్క స్టూడియోలో ఆమెకి ఫోటో తీయించి, పెద్దది చేయించాడు. అది చేతికొచ్చిన రోజు అందరూ మళ్లీ కూర్చున్నారు.

“ఫోటో మీద పల్చటి కాగితం పరిచి గీతలు ఎక్కించు. వెనక పెన్సిలు పొడి రుద్ది, షీటు మీదకి దించు. కూతురి గీతల్లోనే తల్లి ఉంటుంది,” అన్నాడు ప్రేమదాసు.

దించింది. జక్రయ్య తొంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

“గడ్డం ఇంత కోసుగా ఉండదు.” చెరిపింది. “ముక్కు ఇంకా వెడల్పు.” అదీ చెరిపింది. “నుదురూ ఇది కాదు.” దించిన గీతల్లో ఒక్కటీ మిగల్లేదు. జక్రయ్య చెప్పిన ప్రకారం లేతగా ఏవో గీసిందిగానీ జయకుమారికి ఏడుపొక్కటే తక్కువ. ప్రేమదాసుకీ అంతు చిక్కలేదు.

“ఫోటో అవతల పడెయ్,” అన్నాడు చివరికి. “మనిషిని చూసి నీడలు వెయ్యి. ముందు వెలుగు ఎటునుంచి పడుతోందో చూసుకో. ఒక్కసారే నల్లగా రుద్దకు, పొర మీద పొర వెయ్యి. తెల్లగా ఉండాల్సిన చోట వేలు పెట్టకు.”

రెబ్కా గుమ్మంలో ఎండకి ఎదురుగా కూర్చుంది. మిరప కల్లాల్లో ఎండకీ ఘాటుకీ చికిలించీ చికిలించీ కళ్ల కొసల్లో పడ్డ ముడతలు ఫోటోలో లేవు. జయకుమారి వాటిని మెత్తగా దించింది. మాట వచ్చేముందు కింది పెదవి పంటికింద నొక్కే అలవాటుంది ఆమెకి. ఆ నొక్కు దగ్గర కాగితపు చుట్టతో సన్నగా నీడ అద్దింది. తల ఎడమకి వాల్చి వింటుంది గనక మెడ కింద కాస్త ముదురుగా వేసింది.

ప్రేమదాసు కళ్లు విప్పార్చుకుని చూశాడు. “ఇట్లా వేస్తావని తెలిస్తే ముందే విరగ్గొట్టుకునేవాణ్ణి గదే చెయ్యి!”

జక్రయ్య లేచి దగ్గరికొచ్చాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“వచ్చావా ఆదెమ్మా!” అన్నాడు. ఇంక అక్కణ్ణించి కదల్లేదు.

జయకుమారికి సంతోషం పట్టలేదు. రెబ్కా చెయ్యి పట్టుకుని, “గీతలు కుదరకపోయినా బొమ్మ ఎట్లా కుదిరిందో చూశావా అక్కా! ఎంతైనా కన్నతల్లి పోలిక ఎక్కడికి పోతుంది?” అంది.

రెబ్కా కింది పెదవి పంటికింద నొక్కింది.

“నన్ను కన్నదెవరో నాకే తెలీదమ్మా. మిరప కల్లంలో ఎవరో వదిలేసి పోతే, ఆదెమ్మ ఎత్తుకొచ్చి పెంచుకుంది.”