నీలిమందు చల్లిన చోటు

“ఆపు. ఆ బొమ్మ దగ్గరే ఆపు.”

తెర మీద ఓ కడుపు లోపలి గోడ నిలబడిపోయింది. చీకటి గదిలో పన్నెండు మంది డాక్టర్లు ఊపిరి బిగబట్టారు. అందరూ ‘సెన్సే’, అంటే గురువుగారూ, అని పిలిచే ప్రొఫెసర్ కిరియామా లేచి, చేతికర్రతో తెర మీద ఒకచోట తట్టాడు.

“ఇక్కడేముంది, నాంజో?”

అసిస్టెంట్ ప్రొఫెసర్ నాంజో కళ్లద్దాలు సర్దుకున్నాడు. “మచ్చ, సెన్సే. పాలిపోయినట్టుంది. తొలిదశ క్యాన్సర్.”

“ఎప్పటి ఫొటోలివి?”

“మూడేళ్ల కిందటివి.”

“రోగి ఇప్పుడెలా ఉన్నాడు?”

“మాకెలా తెలుస్తుంది, సెన్సే? పేరు మీరే మూసేశారుగా.”

నిజమే. ప్రతి సోమవారం ఆ గదిలో అదే పద్ధతి. రోగి పేరు మీద కాగితం అంటిస్తారు. ఎండోస్కోపీ చేసిన డాక్టరు రాసిన రిపోర్టు కవర్లో ఉంటుంది. ముందు బొమ్మ చూసి తీర్పు చెప్పాలి, ఆ తర్వాతే కవరు చింపాలి. మొహమాటాలకు తావుండకూడదని ఆ నియమం పెట్టింది కిరియామాయే. పాతికేళ్లుగా ఎవరికీ సడలించలేదు. తనకైనా సరే.

రోగి ఎలా ఉన్నాడో ఆయనకు తెలుసు. ఆ కడుపు ఆయనదే.

పోయిన వారం తొయామా ఊళ్లో, తనతో చదువుకున్న డాక్టరు దగ్గర గుట్టుగా చూపించుకున్నాడు. మచ్చ గోడ దాటి కాలేయానికి పాకింది. ఏడాది బతికితే ఎక్కువ.

మూడేళ్ల కిందట, సిబ్బందికి ఏటా చేసే పరీక్షలో ఆయనా బల్ల మీద పడుకున్నాడు. మత్తు ఎక్కాక గొట్టం దించింది ఎవరో చూడలేదు. ‘దోషమేమీ లేదు’ అని చీటీ వచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో భార్య సాయో ఉప్పుచేప కాల్చింది. బియ్యపు సారా సాకే తనే పోసింది, గిన్నె అంచు దాకా. సాయో కూడా ఆ విభాగంలోనే డాక్టరు. మరుసటి ఏడాది మెదడులో నరం చిట్లి చనిపోయింది. ఆ రోజు ఆమె చూసి ఉంటే ఈ మచ్చ దొరికిపోయేదని ఆయన ఈ వారమంతా అనుకుంటూనే ఉన్నాడు. ఆమె కన్ను అలాంటిది.

ఇప్పుడాయనకు కావలసింది ఒక్కటే. తను పోయేలోగా ఆ పాపిష్టి చెయ్యి ఎవరిదో తేలాలి. ఆ చెయ్యి మళ్లీ గొట్టం పట్టకూడదు. అనుమానం నాంజో మీద. పదేళ్లుగా తిట్లు తింటున్నవాడు.

“ఇగరాషీ, ఇది ఏ రకం?”

వెనక వరుసలోంచి ఒక యువ డాక్టరు లేచింది. “కిరియామా వర్గీకరణలో రెండో రకం, సెన్సే. దానికి మూలం సాయో సెన్సే తీసిన రెండు వేల ఫొటోలే కదా, వాటిలో అచ్చం ఇలాంటివే...”

“కిరియామా అంటే ఎవరు?”

“మీరు, సెన్సే.”

“ఇంకెవరైనా ఉన్నారా?”

“లేరు, సెన్సే.”

“కూర్చో. ఫొటోలు తీసినవాళ్లకి కూడా పేరు పెట్టాలంటే, కెమెరా తుడిచినవాడికీ పెట్టాలి.”

ఒకరిద్దరు నవ్వామనిపించారు. నాంజో నవ్వలేదు.

“సెన్సే, మచ్చ బల్లపరుపుగా ఉంది కదా. ఎవరి కన్నైనా దాటిపోతుంది. పాపం, ఆ డాక్టర్ని...”

“దాటిపోయిందా? తర్వాతి బొమ్మ వెయ్యి.”

మచ్చ మీద నీలిమందు చల్లి ఉంది. అంచులు పెన్సిలుతో గీసినట్టు తేలాయి. తర్వాతి బొమ్మ ఇంకా దగ్గరగా. ఆ తర్వాతది మరో పక్క నుంచి.

“ఐదు ఫొటోలు! మందు చల్లాడు, కడిగాడు, మళ్లీ చల్లాడు. కనపడని మచ్చ మీద మందు చల్లే వెర్రివాడు ఉంటాడా? వీడు చూశాడయ్యా. తనివితీరా చూశాడు. చూసి, దోషమేమీ లేదని రాశాడు.”



“ఎందుకలా రాస్తారు, సెన్సే?” ఇగరాషి అడిగింది.

“రోగి చావాలని. ఇంకెందుకు? ఆ రోజు గొట్టంతోనే చెక్కేస్తే గంట పని. వారం గంజి తాగి, నడుచుకుంటూ ఇంటికి పోయేవాడు. ఇది పొరపాటు కాదు. హత్య.”

“అంత పగ ఎవరికుంటుంది?”

“వాడినే అడుగుదాం. నాంజో, చేతులు వణుకుతున్నాయేం?”

“బయట మంచు పడుతోంది, సెన్సే. చలి.”

“చలా! కవరు నువ్వే చింపు. పేరు అందరికీ వినపడేలా చదువు.”

నాంజో చింపాడు. కాగితం చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు, మళ్లీ ముందుకు తిప్పాడు.

“ఏం? నీ పేరు నీకే చదవడం రావట్లేదా?”

“సంతకం లేదు, సెన్సే. దాని బదులు ఎర్ర ముద్ర ఉంది. ఒట్టి ఇంటిపేరే.”

“ఏ ఇంటిపేరు?”

“కిరియామా.”

“వెటకారమా? మత్తులో బల్ల మీద పడున్నవాణ్ణి, నేనెలా...”

మాట జారిపోయింది. పన్నెండు తలలు ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. నాంజో నెమ్మదిగా తెర వంక చూశాడు, మళ్లీ ఆయన కడుపు వంక చూశాడు.

కిరియామా నాలుగు అంగల్లో వెళ్లి కాగితం లాక్కున్నాడు. తన ముద్ర పెద్దది, నలుచదరం. ఇది వేలిగోరంత. గుండ్రంది. ఎక్కడా చెదరకుండా, నిలకడగా నొక్కి తీసిన ముద్ర.

పెళ్లినాడు దాన్ని భార్యకు చేయించి ఇచ్చింది ఆయనే.