యాభై మార్కుల ప్రశ్న

ఇంకా నలభై నిమిషాలే ఉంది. హాతెమ్ కలం కింద పడేసి, కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు.

నిహాల్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇన్విజిలేటరన్నాక నోరు మూసుకుని నిలబడాలి. కానీ ఎలా ఊరుకుంటుంది? ఏడాది పొడుగునా వీడికి పాఠం చెప్పింది తనే. మొదటి బెంచీ వదలని కుర్రాడు. నిన్నగాక మొన్న వరండాలో పదిమందిని పోగేసి, స్తంభం ఎంత బరువు మోస్తుందో సుద్దముక్కతో నేలమీద గీసి మరీ నేర్పాడు. అలాంటివాడికి ఇవాళ రాయడానికి ఏం మాయరోగం?

గడిచిన రెండేళ్ళూ హాతెమ్ పరీక్షలకే రాలేదు. ఎందుకని ఆఫీసులో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇది మూడోసారి, ఆఖరిసారి. ఈ పేపరు పోతే రిజిస్టర్లో పేరు కొట్టేస్తారు. ఇక ఇంజినీరింగు మాట మరిచిపోవాల్సిందే.

నిహాల్ అటుగా వెళ్తున్నట్టు వెళ్ళి తొంగి చూసింది. మొదటి మూడు ప్రశ్నలూ ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. మూడూ కలిపి యాభై మార్కులు. నాలుగోదొక్కటే యాభై. పాసవ్వాలంటే అరవై రావాలి. నాలుగో ప్రశ్న కింద అంతా ఖాళీ.

ఆ ప్రశ్న నిహాల్ పెట్టిందే. "ఎన్నాళ్ళిలా ఉత్తుత్తి అంకెలిస్తాం డాక్టర్ గారూ? మన అలెగ్జాండ్రియాలో జరిగిందే ఇద్దాం" అని ప్రొఫెసర్ షౌఖీతో వారం రోజులు పోట్లాడి పెట్టించింది. ఆ ప్రమాదం మీద వేసిన విచారణ సంఘం నివేదిక సంపాదించి, కొలతలన్నీ అందులోంచే తీసింది.

మూడంతస్తులకు వేసిన పునాది. సముద్రపు ఇసుకతో పోసిన స్తంభాలు. ఇద్దరు కొడుకుల పెళ్ళిళ్ళకని ఇంటాయన పైన మరో రెండంతస్తులు లేపాడు. మోస్తుందని ఒక ఇంజినీరు చెప్పాడట. రెండో చలికాలం వానలకు ఇల్లు కూలింది. ఇంటాయనా భార్యా పెద్దకొడుకూ అద్దెకున్నవాళ్ళూ, మొత్తం తొమ్మిదిమంది పోయారు. ఆ మాట అనే ముందు ఆ ఇంజినీరు ఏమేం పరీక్షించాల్సింది? లెక్కతో చూపండి.

ఆ ఇంజినీరు పేరు కోసం నిహాల్ నివేదికంతా వెతికింది. ఎక్కడా లేదు.

జాబెర్ బాబాయ్ టీ గ్లాసులతో వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ హాల్లో అటెండరు.

"ఇదిగో టీ, ఇంజినీరమ్మా. ఆ పిల్లాడేంటి, బొమ్మలా కూర్చున్నాడు?" అని హాతెమ్ వైపు తిరిగాడు. "ఇదిగో ఇంజినీరు గారూ! ఇంట్లో మీ అమ్మ వండిపెట్టుకుని ఎదురు చూస్తుంటుంది. నాలుగు ముక్కలు గిలికి వెళ్ళరాదూ?"

హాతెమ్ తల వంచుకున్నాడు.

"గట్టిగా మాట్లాడకు బాబాయ్" అంది నిహాల్. "అయినా అడుగు పెట్టిన రోజునుంచే ఇంజినీరు గారూ ఇంజినీరు గారూ అని వీళ్ళను చెడగొట్టేది నువ్వే."

"నేనేనా? ఊరంతా అంటుంది తల్లీ. మా మేనల్లుడు కాలేజీలో చేరిన నాలుగో రోజునే మా అక్క వాడి చేత ఫ్రిజ్ విప్పించింది. అది ఇవాళ్టికీ చల్లబడలేదు!"

ఎవరో కిసుక్కుమన్నారు. నిహాల్ నవ్వు ఆపుకుని, ఇక ఉండబట్టలేక హాతెమ్ బెంచీ దగ్గర వంగింది.

"నాలుగోది ఎందుకు వదిలేశావు? రాదా?"

"వచ్చు మేడమ్."

"వస్తే రాసి ఏడు మరి!"

అతను ప్రశ్నపత్రం మీద వేలు పెట్టాడు. "ఇక్కడ ఇంజినీరు అని వేశారు. వేరే మాట వెయ్యకూడదా?"

"గాడిద అని వేద్దామన్నాను. డాక్టర్ గారు ఒప్పుకోలేదు."

ముందు బెంచీ వాళ్ళు మళ్ళీ నవ్వారు. హాతెమ్ నవ్వలేదు.

"అతన్ని ఏం చెయ్యాలంటారు మేడమ్?"

"దొరికితే కదా ఏదైనా చేసేది! ఎక్కడో హాయిగా తిని తిరుగుతుంటాడు. వాడి గొడవ నీకెందుకు నాయనా? స్తంభం లెక్క ఒక్కటి వెయ్యి, ఇరవై మార్కులు నీ మొహాన పడతాయి. నీకు పుణ్యముంటుంది, రాయి."

నిహాల్ గడియారం వైపు చూసింది. తను రాసిపెట్టడానికి లేదు. గడియారం ఆపడానికి లేదు. కళ్ళముందే బంగారంలాంటి పిల్లాడు మునిగిపోతుంటే గట్టున నిలబడి చూడ్డమే అయింది తన పని.

హాతెమ్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. కలం తీసుకున్నాడు.

అమ్మయ్య అనుకుంది నిహాల్. దూరంగా వెళ్ళి నిలబడి, దేవుణ్ణి తలుచుకుంటూ నిమిషాలు లెక్కపెట్టింది. తిరిగి చూసేసరికి కలం మళ్ళీ బెంచీ మీదే ఉంది.

గంట మోగింది. హాతెమ్ తన పత్రం ఆమె చేతికిచ్చి, గుండెమీద చెయ్యి పెట్టుకుని తల వంచి వెళ్ళిపోయాడు.

నిహాల్ గబగబా పేజీలు తిప్పింది. నాలుగో ప్రశ్న కింద బొమ్మ లేదు, లెక్క లేదు. ఒక్క వాక్యం ఉంది.

"ఏమీ పరీక్షించలేదు మేడమ్, కాలేజీలో చేరి మూడు వారాలే అయింది, నలుగురి ముందూ నాన్న 'మా ఇంజినీరు గారేమంటారు?' అని అడిగితే తెలియదని చెప్పడానికి సిగ్గేసి, స్తంభాన్ని పిడికిలితో రెండుసార్లు కొట్టి 'మోస్తుంది నాన్నా' అన్నాను."