ఫర్ఖుందా మెడలో సత్లడా

"మొగుడు పోయినామె మెడల ఏడు పేటల ముత్యాలా?"

రాహత్ బేగం అద్దం ముందు నుంచి లేవకుండానే అంది. మంచం మీద పాన్ చుట్టుకుంటున్న భర్త మీర్ సాబ్ నవ్వాడు.

"వదినె మెడల వేసుడు అమ్మీ ఇష్టం. నీకేంది?"

"నాకేందా? నా మెడల నల్లపూసలు, ఆమె మెడల సత్లడా. కొత్తోళ్లెవరన్న చూస్తే నేనే విధవను అనుకుంటరు."

"తోబా తోబా! నోరు కడుక్కో పో," అని ఆయన పాన్ బుగ్గన పెట్టుకుని బయటకు జారుకున్నాడు. ఆడవాళ్ల నగల మాట వస్తే మగాళ్లందరికీ బయట పనే.

పురానీ హవేలీ వెనక సందులో ఉంది వాళ్ల దేవిడీ, పాత జాగీర్దార్ల లోగిలి. జాగీర్లు పోయాయి, బగ్గీ పోయింది, వెండి పళ్లేలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. మిగిలింది ఆ సత్లడా. ఏడు పేటల బస్రా ముత్యాలు, మధ్యమధ్య కొల్లూరు గని వజ్రాల బిళ్లలు. సాన పట్టని రాళ్లు, పల్చగా, నీటిచుక్క నిలబడ్డట్టు ఉండేవి. అరబ్బు గుర్రాల బేరగాళ్ల దగ్గర ఎప్పుడో ముత్తవ్వలు కొన్న ముత్యాలట. ఇప్పుడు ఆ గనీ లేదు, ఆ సముద్రంలో అలాంటి ముత్యమూ లేదు.

అంతటి నగ పెద్ద కోడలు ఫర్ఖుందా మెడలో ఉంది. జ్వరమొచ్చి మొగుడు చిన్నతనంలోనే పోయాడు. తెల్ల ఓణీ, బోసి చేతులు. అయినా రోజూ పొద్దున్నే అత్తగారు వజీరున్నిసా బేగం ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన చేత్తోనే సత్లడా వేసి, పేట పేటా నిమిరి చూసేది. పరదా వెనక నుంచి రాహత్ ఆ చేతినే చూసేది. నా తల ఒక్కనాడన్నా అట్లా నిమిరిందా అనుకునేది.

ఫర్ఖుందా మాత్రం ఆ నగతో ఒక్కసారీ అద్దంలో చూసుకోలేదు.

"చూసినవా టెక్కు! మహారాణికి అద్దం గూడ అక్కర్లేదు," అని రాహత్ గొణిగేది.

రాహత్‌కి ఆరో నెల. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. అందుకే ఆ ఇంట్లో పుట్టబోయే బిడ్డ ఊసే ఎత్తరు. ఊయల దించలేదు, టోపీ కుట్టలేదు. ముందే అనుకుంటే దిష్టి తగులుతుందని భయం. మధ్యాహ్నం పూట ఫర్ఖుందాయే వచ్చి, ఖట్టీ దాల్ కలిపి, ముద్దలు చేసి తినిపించేది. రాహత్ నోరు ముద్ద మీద, కళ్లు ముత్యాల మీద. ఆ ఒంటి వేడికి అవి కాగిన పాలలా రోజురోజుకూ మెరిసేవి.

"ఆపా, మెడ గుంజదా?"

"గుంజుతది చెల్లె. ఏం చేస్తం?"

"తీసి పెట్టెల పెట్టరాదు?"

"పెట్టెల పడితే ముత్యం చస్తది. మనిషి వేడి తగలాలె దానికి."

"మనిషంటే నువ్వొక్కదానివేనా? మేం రాళ్లమా?"

ఫర్ఖుందా ఏదో చెప్పబోయింది. అత్తగారి గది వైపు చూసి ఆగిపోయింది. "తిను, చల్లారిపోతది," అని ముద్ద నోటికి అందించింది.

రాహత్ ఆ ముద్దను పక్కకు తోసేసింది.

శుక్రవారం ఫర్ఖుందా తలంటుకునే రోజు. సత్లడా తీసి, మల్లుగుడ్డలో చుట్టి, గూట్లో పెట్టి వెళ్లేది. ఆ శుక్రవారం రాహత్ గుడ్డ విప్పి, నగ మీద నిమ్మకాయ పిండింది. కాసేపు నాననిచ్చి, తుడిచి, వేరే గుడ్డలో చుట్టి మళ్లీ అక్కడే పెట్టింది. కడుపుతో ఉన్న మనిషి చేతిలో నిమ్మకాయ ఉంటే అడిగేదెవరు? వచ్చే శుక్రవారమూ అంతే. ఆ తర్వాతా అంతే.

వజ్రాలు చెక్కుచెదరలేదు. అవి రాళ్లు. ముత్యం అలా కాదు, ప్రాణి కడుపున పుట్టింది. పొర కమ్మిన ముసలి కళ్లలా ఏడు పేటలూ తెల్లబోయాయి.

ఫర్ఖుందా బెంబేలెత్తిపోయింది. ముత్యానికి పడదేమోనని అత్తరు మానింది. నిద్రలోనూ నగ తీయడం మానింది. నమాజు చాప మీద కూర్చుని ఏడ్చింది.

"నా ఒళ్లే మంచిది కాదేమో అమ్మీజాన్. ఆయన్ను నిలుపుకోలేదు, దీన్నీ నిలుపుకోలేకపోతిని."

పరదా వెనక రాహత్ గుండె చల్లబడింది. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

ఏడో నెల వచ్చింది. సీమంతంలాంటి సత్వాసా పండుగ పెట్టారు. చుట్టాల ఆడవాళ్లు ఢోలక్ ముందేసుకుని పాటలెత్తుకున్నారు. ఎర్ర దుస్తుల్లో, పూల తెర కింద రాహత్ పెళ్లికూతురిలా కూర్చుంది. అందరి ముందూ అత్తగారు ఫర్ఖుందా మెడలోంచి సత్లడా తీసింది.

"అయ్యో, సున్నపు గోళీలైనయ్ గదమ్మా!" అందొక చుట్టం. పాట ఆగిపోయింది.

పూల తెర చాటున నవ్వు దాచుకుంది రాహత్.

"పాపం, ఆపా నగ!" అంది, వీలైనంత దిగులుగా.

అత్తగారి కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి.

"ఆపాది కాదు బిడ్డా, నీదే; కడుపు నిలిచేదాక నీతోని అంటే దిష్టి తగుల్తదని, అందాక నీకోసం బతికించమని నేనే ఫర్ఖుందా మెడల వేసిన."