ఆయుధపూజకు పోని కరెంటు

కాలనీకో రియాక్టరు వచ్చాక, ఆయుధపూజ సాయంత్రం కరెంటు పోవడం విశాఖలో మామూలైపోయింది. రియాక్టరు గది తలుపు తెరిస్తే, లోపలి రేడియేషన్ మనుషులకు తగలకుండా యంత్రం దానంతటదే ఆగిపోవాలి. దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ తలుపు మూసేదాకా కాలనీ అంతా చీకట్లో కబుర్లాడుకునేది.

ఈసారి ఆపరేటర్ పైడితల్లి పసుపు గిన్నెతో తలుపు తెరిచింది. దీపాలు ఆరలేదు. లోపల హోరు ఆగలేదు.

"ఈ ఏడు కరెంటు పోనేదు. అమ్మవారి దయ!" అన్నాడు వెనకాలే హారతి పళ్ళెంతో వచ్చిన కాలనీ సెక్రటరీ అప్పలనర్సయ్య.

"దయ కాదు బాబూ. తలుపు తీస్తే ఆగాల, ఆగనేదు. ముందు అందర్నీ దూరంగా పంపండి" అంటూ ఆమె ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేసింది.

అవతల యంత్రం గొంతు తియ్యగా పలికింది. "మీ తలుపు మూసే ఉన్నట్టు కనిపిస్తోందమ్మా. లోపమేమీ లేదు. మీ ఫిర్యాదు పరిష్కారమైంది."

"నేను తలుపు ముందరే నిలబడున్నాను. బార్లా తెరిచుంది!"

"దసరా శుభాకాంక్షలమ్మా."

పైడితల్లి ఫోన్ పెట్టేసి, గోడ మీది ఎర్ర మీట చేత్తో లాగింది. హోరు ఆగింది. కాలనీ చీకటైంది. ఎవరో విసుక్కున్నారు.

ఆమె డాబా మీదికి పరిగెత్తింది. ఏటా ఈ వేళకి ఊరు ముక్కలు ముక్కలుగా చీకటి కావాలి. ఇవాళ తమ కాలనీ తప్ప, సముద్రం దాకా ఒక్క దీపమూ ఆరలేదు.

కొబ్బరికాయలు కొట్టే చప్పుడు మాత్రం అన్ని కాలనీల నుంచీ వినిపిస్తోంది.