బాయి నీళ్లు

అన్యాయం జరిగింది ఎవరికి? ఏటా ఎండకాలంలో, నాచారంలోని మార్తమ్మ గేటు ముందు నిలబడే ఒక ముసలాయనకు.

ఏమిటా అన్యాయం? దాహమని అడిగితే, బావి నిండా నీళ్లుంచుకుని లేవన్నారు.

ఆయన ఎవరో మార్తమ్మకు తెలియదు. తెల్లటోపీ, చేతికర్ర, ఉప్పల్ వైపు నుంచి వచ్చి షేర్ ఆటో దిగి నడిచిన దుమ్ముకాళ్లు. ఫ్రిజ్ నీళ్లిస్తే పుచ్చుకునేవాడు కాదు. పెరట్లోని పాత బావి నీళ్లే కావాలనేవాడు. తాగి, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుని వెళ్లిపోయేవాడు.

బావిలో ఏం బెల్లం కలిసిందోనని మార్తమ్మ నవ్వుకునేది.

ఈ ఏడు ఆ నవ్వు పోయింది. కాలనీ సంఘం ఉపేందర్ వచ్చి, ఆమె ఇల్లూ బావీ ఉన్న జాగా ఒకప్పుడు వక్ఫ్‌దని, అంటే దేవుడి పేర ధర్మానికి విడిచినదని, అమ్మడానికీ కొనడానికీ వీల్లేనిదని చల్లగా చెప్పాడు.

ఫ్యాక్టరీలో ఒళ్లు అరగదీసుకున్న భర్త కన్నుమూసే ముందు ఆమె చేతిలో పెట్టిపోయింది ఆ ఇల్లొక్కటే.

"ముసలాయన నీళ్లకొస్తుండనుకుంటున్నవా అక్కా? బాయి ఆనవాలు పట్టను వస్తుండు. గుక్కెడు నీళ్లు పోసి ఇల్లు పోగొట్టుకుంటవా?"

వారం తిరగకుండానే ముసలాయన వచ్చాడు.

"బాయి నీళ్లు జర పొయ్యి బిడ్డా."

"బాయి ఎండిపోయింది తాతా."

సరిగ్గా అప్పుడే మిద్దె మీది ట్యాంకు నిండి, బావి నీళ్లు గోడ వెంట ధారగా కారసాగాయి.

ఆయన తలెత్తి ఆ ధారను చూశాడు. మార్తమ్మ తల దించుకుంది.

"ఎండనియ్యకు బిడ్డా," అన్నాడు మెల్లగా. "నాకు పొయ్యకున్నా ఫికర్ లేదు. దారిన పోయేటోళ్లకు ఎవరికన్న పొయ్యి."

వానలు మొదలయ్యాక నల్లబురఖాలో ఒకామె వచ్చి అవే బావి నీళ్లు అడిగింది. పేరు షాహెదా. ఆ ముసలాయన కూతురు. తండ్రి పోయి నెల దాటిందని చెప్పింది.

మార్తమ్మ చెంబు నిండా తెచ్చి ఇచ్చింది. ఆ బావి మీద ఆయనకంత ప్రాణమెందుకని అడిగింది.

"ఈ బాయిని మా ముత్తాత ధర్మానికి విడిచిండు అక్కా. దారిన పోయేటోళ్ల దాహం తీరాలె, గదే షరతు. నీళ్లు అందినన్నాళ్లు మీ ఇల్లు ముట్టొద్దని మా వక్ఫ్ పెద్దలను అబ్బాజానే ఒప్పించిండు. ఏటా ఇక్కడ తాగిపోయి, 'అందుతున్నయి' అని వాళ్ల ముంగట సాక్ష్యం చెప్పేటోడు."

మార్తమ్మ చూపు మిద్దె మీది ట్యాంకు మీదికి పోయింది.

"మరి ఈ ఏడు?"

"ఈ ఏడు గూడ అందుతున్నయనే చెప్పిండు." షాహెదా చెంబు కింద పెట్టింది. "ఇంటికొచ్చి మాత్రం, అబద్ధమాడిన నోరని, ఆనాడంత మంచినీళ్లు ముట్టలే."

ఇల్లు చేజేతులా అప్పజెబుతున్నావని ఉపేందర్ ఎంత మొత్తుకున్నా మార్తమ్మ వినలేదు. ప్రహరీకి కన్నం పెట్టించి, బావి నీళ్లు వీధిలోకి వచ్చేలా నల్లా బిగించింది.

చెంగిచెర్ల పోయే కూలీ ఒకడు సైకిలు ఆపి, దోసిలి పట్టి, కడుపారా తాగి, ఎవరినీ అడగకుండానే వెళ్లిపోయాడు.

బాకీ ఒక్క గుక్క మిగలకుండా తీరింది: బిచ్చగాడిలా గేటు ముందు నిలబడి అన్నేళ్లూ ఆ ఇంటిని కాచిన ముసలాయన, వక్ఫ్ ఆస్తిని చూసుకునే ముతవల్లీ, ఆమె కోసం ఆడిన ఒకే ఒక్క అబద్ధం ఆ దోసిలిలో నిజమైంది.