మూయని ఫైళ్లు

"ఆ లైబ్రరీ జోలికి వెళ్లొద్దని చెప్పానా లేదా?" ప్రకాశ్ అరిచాడు.

కహ్కషాన్ కీబోర్డు మీంచి చేతులు తియ్యలేదు. "చెప్పిన్రు సార్. కానీ తప్పు గండ్లనే ఉన్నది."

కేసముద్రం అవతల ఒక పత్తి మిల్లు. అక్కడి కాంటా గదిలో ఉన్నారిద్దరూ. కాంటా మీదికెక్కిన ట్రాక్టర్ ఎక్కినట్టే ఆగిపోయింది. దాని వెనక గేటు దాటి రోడ్డు దాకా పత్తి ట్రాక్టర్లే. పొద్దుట్నుంచి ఇదే తంతు. కాసేపు తూకం చీటీలు టకటకా వస్తాయి. ఉన్నట్టుండి కంప్యూటర్ బిగుసుకుపోతుంది. ఆపి మళ్లీ మొదలుపెడితే నాలుగు బండ్లు కదులుతాయి, మళ్లీ పడకేస్తుంది.

తెలంగాణ ఉద్యమం భగ్గుమంటున్న రోజులు. రేపు బంద్. ఇవాళ తూకం కాని పత్తి రోడ్డు పాలే. పైగా పడమట మబ్బు కమ్ముతోంది.

ఈ కాంటా సాఫ్ట్‌వేర్ హైదరాబాద్‌లోని వాళ్ల కంపెనీదే; దాన్ని బాగుచెయ్యడానికే మేనేజర్ ప్రకాశ్‌తో కహ్కషాన్ వచ్చింది. అందులో చీటీలు రాసే లైబ్రరీ, అంటే ఆ పని చేసే కోడ్ భాగం, ఎండీ గారు స్వయంగా రాసుకున్నది. పదేళ్లుగా దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరూ చెయ్యలేదు.

"కరెంటు సరిగ్గా ఉండదు, ఆపరేటర్‌కి పని రాదు. దానికి లైబ్రరీనంటే ఎలా?" అన్నాడు ప్రకాశ్.

"కరెంటు కాదు సార్. చీటీ చీటీకి గిది ఒక ఫైల్ తెరుస్తది, రాస్తది. బండి నంబర్ తప్పు పడ్డదనుకోండి, నడుమల్నుంచే వాపస్ పోతది. ఫైల్ మూస్తలేదు. గిట్ల తెరిచినయి తెరిచినట్టే ఉంటే కొత్తది తెరువ జాగ ఏడుంటది?"

"గిట్లట, ఏడుంటదట!" ప్రకాశ్ తల కొట్టుకున్నాడు. "ముందు తెలుగు నేర్చుకోమ్మా. క్లయింటు ముందు మన పరువు తీస్తున్నావు."

కహ్కషాన్ చెవులు వేడెక్కాయి. ఆఫీసులో ఈ మాట కొత్త కాదు. నోరు తెరిస్తే ఎవరో ఒకరు నవ్వేవారు. అందుకే మీటింగుల్లో మాట్లాడటమే మానేసింది. ఇవాళ సొంత గడ్డ మీద కూర్చుని ఇంకా తల వంచాలా?

"నేను పుట్టింది గీ పక్కన మానుకోటల సార్. ఇంట్ల ఉర్దూ, బజార్ల తెలుగు. గా బజార్ తెలుగే నాది. దాన్ని మార్చ. గీ కోడ్ మాత్రం మారుస్త."

"ఎండీ గారి కోడ్ మారుస్తావా? ఉద్యోగం పోతుంది!"

"పోతే పోనీయిండ్రి."

కిటికీ దగ్గరికి ఒక రైతు వచ్చాడు. గంగారం దిక్కు తండా నుంచి వచ్చిన రెడ్యా. "బిడ్డా, జర జల్ది కానియ్యి. వాన మొకాన కొట్టేటట్టున్నది. తడిసిన పత్తి ఎవడు కొంటడు?"

"అయితది కాకా. బండి దిక్కు పో," అంది కహ్కషాన్. తెరను ప్రకాశ్ వైపు తిప్పింది. "సూడుండ్రి సార్."

తెర నిండా తెరిచి ఉన్న ఫైళ్ల పేర్లు. ఇందాకే సరుకు దించి వెళ్లిపోయిన బండ్ల చీటీలు కూడా అందులో ఉన్నాయి. ప్రకాశ్ వంగి చూశాడు. గొంతులో వేగం తగ్గింది.

"సరే, ఎండీ గారిని అడుగుతాను." ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు. జవాబు లేదు.

రేకుల మీద టపటపా చినుకులు పడ్డాయి. బయట రైతులు పత్తి మీద టార్పాలిన్ పట్టాలు కప్పడానికి ఉరికారు.

కహ్కషాన్ ఇక ఆగలేదు. రాత చక్కగా సాగినా, నడుమ చెడినా, బయటికి పోయే ముందు ఫైల్ మూసి తీరాలని ఆ లైబ్రరీకి కొత్త ఆజ్ఞ రాసింది. కావాలని ఒక తప్పు నంబర్ కొట్టింది. కంప్యూటర్ తప్పని చెప్పింది, ఫైల్ మూసుకుంది. సరైన నంబర్ కొట్టింది. చీటీ బయటికొచ్చింది.

కాంటా మీది ట్రాక్టర్ కదిలింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. మూసిన ఫైల్ మూసినట్టే ఉంది. రెడ్యా బండి తూకమై మిల్లు షెడ్డు కిందికి చేరాక వాన దంచి కొట్టింది. అతను షెడ్డులోంచే చెయ్యెత్తి దండం పెట్టాడు. వెనక బండ్లు పట్టాలు కప్పుకొని ఒకదాని తర్వాత ఒకటి కాంటా ఎక్కుతూనే ఉన్నాయి.

అప్పుడు మోగింది ప్రకాశ్ ఫోన్. కహ్కషాన్ లైబ్రరీని సరిచేసిందని అతను చెప్పగానే ఎండీ గొంతు గది మొత్తం వినిపించింది.

"నా లైబ్రరీలో వేలు పెట్టిందా? ఎవరు, ఆ గిట్ల గట్ల పిల్లేనా? నోరు తిరగని వాళ్లకి కోడింగెందుకయ్యా? రేపట్నుంచి ఆఫీసుకి రావద్దని చెప్పు. ఇప్పుడే చెప్పు, నేను వింటాను!"

కహ్కషాన్ లేచి బ్యాగు భుజాన వేసుకుంది. ఏడవకూడదని పళ్లు బిగబట్టింది. ప్రకాశ్ ఆమె వంక చూశాడు, కిటికీలోంచి కదులుతున్న బండ్ల వంక చూశాడు. ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఎందుకు చెప్పాలె సార్? తప్పు మీ కోడ్‌ల ఉండె. గా పిల్ల సాఫ్ చేసింది. ఆమెను తీసేసేదుంటే నన్ను గూడ తీసెయ్యుండ్రి."

అవతల ఎండీ గద్దించాడు.

"ఎవరయ్యా నువ్వు, మధ్యలో? ఫోన్ ప్రకాశ్‌కివ్వు!"

"ప్రకాశ్‌నే మాట్లాడుతున్న సార్. మాది జనగామ."